బూడిద కనబడని ఆకాశం

మా ఇంట్లో కోపం ఆడామగా తేడా లేకుండా పంచిన ఆస్తి. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు వచ్చింది. చిన్నాయనకు మాత్రం వాటా దక్కలేదు. నాన్నకు తమ్ముడు, ఎవరేమన్నా నవ్వి ఊరుకునే రకం. ఆ నవ్వు చూస్తే నాన్నకు ఒళ్లు మండేది.

కన్నడసీమలో హొసకోటె దాటాక మాకున్న కాస్త నేలలో టమాటా తీసేసి గులాబీ వేయించింది చిన్నాయనే. ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్లలో పొడుగు కాడల ఎర్ర గులాబీలు. మొగ్గ విచ్చకముందే కోసి, ముళ్లు దూసి, కట్టలు కట్టి చల్లగదిలో పెడితే ఏజెంటు లారీ వచ్చి విమానానికి తీసుకుపోయేది. అవి యూరప్ పోయేవి. మేమెవరమూ ఆ పూలు తల్లో పెట్టుకోలేదు, వాటికి వాసన ఉండదు.

ఆ ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఓ కొండ పేలి బూడిద కక్కింది. యూరప్ విమానాలు ఆగిపోయాయని ఏజెంటు చిన్నాయనకు ఫోన్ చేశాడు. రోజూ పొద్దున్నే మా షెడ్ల కప్పులు అదిరేలా పోయే పెద్ద విమానం ఆ రోజు పోలేదు. బయటికొచ్చి చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మబ్బు తునక లేదు, విమానం వదిలే తెల్లగీత లేదు. కాకుల అరుపు, పక్క తోటలో మోటారు చప్పుడు విడివిడిగా వినబడ్డాయి. హాయిగా అనిపించింది. ఆ హాయి నాన్న లేచేదాకే.

నాన్నకు ఆకాశమే పంచాంగం. మబ్బు రంగు చూసి వాన చెప్పేవాడు, గాలి వాలు చూసి మందు కొట్టాలో వద్దో చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది కూడా. ఊళ్లోవాళ్లు ఆయన్ని అడిగి మరీ విత్తేవాళ్లు. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

“యాడుండాదిరా బూడిద? ఒక్క చిటికెడు చూపించు,” అన్నాడు తల పైకెత్తి.

“ఈడ కాదన్నా, ఆ దేశంలో,” అన్నాడు చిన్నాయన.

“ఆ దేశంలో ఉంటే ఈడ విమానం లేయడానికేమి రోగం? చిన్న విమానాలు తిరుగుతానే ఉండాయి కదప్పా! నాకేనా సుమ్నే లేనిపోని కతలు చెప్పేది?”

“లేస్తే చాలునా అన్నా, దిగేదానికీ చోటుండాల కదా,” అని చిన్నాయన నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

చల్లగది నిండిపోయింది. లోపల మొగ్గలు విచ్చడం మొదలైంది. విచ్చిన పువ్వును ఎవడూ కొనడు. అలాగని కోయడం మానితే చెట్టు పాడవుతుంది. కోసి గుట్టలు పోశాం. పూలు కుళ్లితే కుళ్లాయి, మళ్లీ పూస్తాయి. ఈ అన్నదమ్ములు విడిపోతే మాత్రం ఇల్లు నిలవదని అమ్మకూ నాకూ భయం. నాన్న అన్నం మానేసి షెడ్ల చుట్టూ పిచ్చిపట్టినట్టు తిరుగుతున్నాడు, తలెత్తి చూస్తున్నాడు, కనబడినవాళ్లందరినీ తిడుతున్నాడు.

అట్లా తిరుగుతుంటే పక్క తోట గేటు ముందు మా ఏజెంటు లారీ ఆయన కంటబడింది. మావి వదిలేసి వాళ్ల పూలు ఎత్తుకుపోతున్నారనీ, తమ్ముడు ఏజెంటుతో కుమ్మక్కై తనను ముంచుతున్నాడనీ అనుకున్నాడు.

కట్టలు కట్టే షెడ్డులోకి ఆయన వచ్చిన తీరుకే పనివాళ్లు పక్కకు తప్పుకున్నారు. వెనక నుంచి చిన్నాయన జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి బాదాడు. లేవబోతే కడుపులో తన్నాడు. చిన్నాయన ముక్కు పగిలి పూల మీదంతా నెత్తురు. “నా ఇంట్లో తిని నన్నే ముంచుతావా?” అని పార తిరగేసి కర్రకామతో కొట్టబోతే చిన్నాయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. విరిగిన చెయ్యి మీదే ఇంకో దెబ్బ వేశాడు.

నాకు కళ్లు బైర్లు కమ్మాయి. భయంతో కాదు, కోపంతో. ముళ్లు దూయని కట్ట ఒకటి చేతికందితే తీసుకుని నాన్న మొహాన కొట్టాను. కాడలు విరిగేదాకా కొట్టాను. నుదుటి మీదా చెంపల మీదా నెత్తురు గీతలు తేలాయి. కన్నతండ్రి మీద చెయ్యెత్తిందని ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ. ఇంకో కట్ట అందితే అదీ విరిచేదాన్ని.

అప్పుడే పనామె ఒకామె బయట నుంచి అరిచింది. “పక్క తోటోళ్లు పూలు పారబోస్తా ఉండారప్పా!”

నాన్న పార పడేసి గేటు దాకా పోయాడు, వెనకే నేనూ పోయాను. లారీ పూలు ఎత్తుకోవడానికి రాలేదు. విమానం దొరక్క తిప్పి తెచ్చిన పెట్టెలను దించుతోంది. పక్క తోట ఆయన ఆ గులాబీల మీద ట్రాక్టరు తోలుతూ పచ్చి బూతులు తిడుతున్నాడు. నాన్న వెనక్కి తిరిగొచ్చి తమ్ముణ్ణి భుజాన వేసుకుని మా టెంపోలో పడుకోబెట్టాడు.

మరునాడు ఆసుపత్రికి సంగటీ పప్పూ నాన్నే తెచ్చాడు. చిన్నాయనకు కుడి మోచేతి నుంచి వేళ్ల దాకా పిండికట్టు. నేను మంచం పక్కనే ఉన్నాను. నాన్న నా మొహం చూడలేదు. చేతులు కడుక్కొచ్చి, సంగటి ముద్ద చేసి, పప్పులో అద్ది తమ్ముడి నోటి దగ్గర పెట్టాడు.

“తినురా,” అన్నాడు.

చిన్నాయన ఆ చేతిని కాసేపు చూశాడు. తర్వాత కంచం తన వైపు లాక్కుని ఎడమచెయ్యి అందులో పెట్టాడు. మా ఇంట్లో పసిబిడ్డ ఎడమచేత్తో మెతుకు ముట్టినా వీపు చిట్లేది. పప్పు చొక్కా మీద కారుతున్నా, ముద్ద జారిపోతున్నా, ఆయన చివరిదాకా ఎడమచేత్తోనే తిన్నాడు. నాన్న ముద్ద పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.