పెద్దింటయ్య వల పాట

గుండుగొలను చుట్టుపక్కల చెరువుల్లో చేపల పట్టుబడి ఉందంటే ముందు పెద్దింటయ్యకే కబురు వెళ్లేది. వల లాగే ఇరవై మందికీ పాట ఎత్తుకునేది ఆయనే. ఆయన గొంతు విప్పితే అన్ని చేతులూ ఒక్కసారే కదిలేవి. మతిమరుపు జబ్బు వచ్చాక ఆ మనిషే బనీను ఎటు నుంచి తొడుక్కోవాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయేవాడు.

ఇలాంటి వాళ్లనీ, వాళ్లని చూసుకునేవాళ్లనీ ఏలూరులో ఒకచోట కూర్చోబెట్టి పాడిస్తున్నారని ఆశా వర్కర్ చెప్పింది. ఓ శనివారం భార్య మంగాయమ్మ ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. చర్చి పక్కన హాలు. రిటైరైన నర్సు సిల్వియా పాట మొదలుపెడితే అందరూ అందుకున్నారు. పెద్దింటయ్య పెదవి కదపలేదు.

"ఈయన వల పాటలు పాడేవారండీ" అంది మంగాయమ్మ సిగ్గుపడుతూ.

"అయితే అవే పాడమనండి" అంది సిల్వియా.

మంగాయమ్మ ఆయన చెవిలో "హైలెస్సా" అంది. అంతే, పెద్దింటయ్య లేచి నిలబడ్డాడు. అదే గొంతు. ఒక్క మాట తప్పలేదు. హాలంతా వంత పాడింది. మంగాయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

పాటయింది, టీలొచ్చాయి. ఆయన మాత్రం ఆపలేదు. కిటికీ కర్టెన్ రెండు చేతులా పట్టి లాగసాగాడు.

"లాగండ్రా! చేప ఎగిరిపోతోంది!"

"ఏవండీ, మనం ఏలూర్లో ఉన్నామండీ. ఇక్కడ చెరువు లేదు."

"నువ్వెవరమ్మా? తప్పుకో. జనం ఏరి?"

వంత పాడినవాళ్లంతా గ్లాసులు పట్టుకుని చూస్తుండిపోయారు. తనను వల దగ్గర ఒంటరిగా వదిలేసి పోయారని ఆయన బస్సులో కూడా ఏడుస్తూనే ఉన్నాడు.

మళ్లీ వెళ్లకూడదనుకుంది మంగాయమ్మ. వెళ్లకపోతే ఆ గొంతు ఇక వినపడదని వెళ్లింది. ప్రతి శనివారమూ అంతే. పాట ఉన్నంతసేపూ మొగుడు దొరికేవాడు, ఆగితే ఏడుపు.

"ఆపకుండా పాడించలేమా అమ్మా?" అని సిల్వియాను అడిగింది ఓసారి.

వానలు పడేసరికి ఆయనకు ఆ పాటా పోయింది. ఓ శనివారం హాల్లో, పదిమందిలో ఎన్నడూ పాట ఎత్తుకోని మంగాయమ్మే మొదటి చరణం ఎత్తుకుంది. పెద్దింటయ్య ఆమె వైపు మర్యాదగా చూశాడు.

"బాగా పాడుతున్నారండీ. మీదే ఊరు?"

"గుండుగొలనండీ" అందామె.

అందరూ రెండో చరణం కోసం ఎదురుచూస్తున్నారు. అది ఆమెకు రాదు. అది వచ్చిన మనిషి పక్కనే కూర్చుని చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు.