గోడకెక్కబోయే చేతులు

పోయిన ఆషాఢంలో, గురువారం, ఉదయం పది గంటలకు మా వీధి అరుగు మీద జరిగింది ఇది. మనవలు పుట్టాక అక్షరాలు దిద్దినవాణ్ణి. మెలికలు తిప్పి రాయడం నాకు రాదు.

టెక్కలిలో కొత్తగా కట్టిన ఆఫీసు గోడ మీద ఉద్దానం బొమ్మ వెయ్యమని ఒక చిత్రకారుడికి అప్పజెప్పారు. కొబ్బరితోట, వెనక సముద్రం, మధ్యలో జీడిపిక్కలు కొడుతున్న ఆడమనిషి. ఆ ఆడమనిషి మా ఇంటిది. పలాస జీడి షెడ్డులో ఆమె పని చేస్తుంటే ముందే వచ్చి పెన్సిలుతో గీసుకుని పోయాడు. ఇక తేలాల్సినవి రంగులు. గోడ ముట్టుకోకముందు చిన్న అట్ట మీద రంగులన్నీ వేసి చూసుకుంటారట. ఆ అట్ట మధ్యాహ్నానికి టెక్కలిలో ఆఫీసరుకి చూపించాలి. ఆయన సరేనంటేనే గోడ.

అతను రంగుల సంచితో రాగానే చాప వేశాం. ఆకులకు పచ్చ, నీళ్లకు నీలం వేసేశాడు. "పెద్దమ్మా, చేతులు చూపించండి" అన్నాడు. ఆమె చాపింది. మణికట్టు దాకా ఎర్రగా గోరింటాకు.

కుంచె ఆగిపోయింది.

"ఇదేంటి పెద్దమ్మా, మొన్న నల్లగా ఉన్నాయి కదా?"

"ఆసాడం కదా బాబూ. పెట్టుకున్నాను."

ఆషాఢమే, కాదనను. కాని అసలు సంగతి నాకు తెలుసు. పిక్క కొడితే కారే సొన చర్మాన్ని కాల్చి నల్లగా చేస్తుంది. నూనె రాసుకున్నా, బూడిద పూసుకున్నా ఆగదు. షెడ్డు ఆడవాళ్లు పెళ్లికి వెళ్లాలంటే ముందు గోరింటాకు పట్టిస్తారు, నలుపు కనబడకూడదని. మా ఇంటిదైతే పెళ్లి భోజనాల్లో ఎడంచేతిని కొంగు కింద దాచుకునే కూర్చుంటుంది.

"నాకు ఆ నలుపే కావాలి పెద్దమ్మా. బొమ్మంతా దాని మీదే నిలబడుతుంది" అని అతను బతిమాలాడు.

"గోడ మీద నా సెయ్యి ఎంతుంటాది?"

"మీ వీధి తలుపంత."

"ఓలమ్మో! తలుపంత నల్లసెయ్యా! బస్సుల్లో పోయినోల్లందరూ దాన్నే సూత్తారు. వద్దు బాబూ. ఎర్రగానే ఎయ్యి. లేపోతే నన్ను తీసీసి ఇంకో కొబ్బరిసెట్టు ఎయ్యి."

నా నోరు ఊరుకోదు. "ఇన్నేళ్లుగా ఆ సేతి కూడే తింతన్నాను, నాకేటైనా అయిందేటే? ఉన్నది ఉన్నట్టు ఎయ్యమను" అన్నాను.

"నీకేటి మావా, సెప్తావు. నీ బొమ్మ గోడెక్కదు కదా. ఎక్కితే ఆఫీసరు బిల్డింగు వొదిలీసి పారిపోడూ?"

గుమ్మంలో నిలబడ్డ పక్కింటి వదిన పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

చిత్రకారుడు నవ్వలేదు. ఆ చేతుల మీదికి వంగి వేలూ వేలూ చూశాడు. తర్వాత ఇటుక రంగులో కాస్త పసుపు కలిపి, చేతులు ఎర్రగానే వేశాడు. ఎరుపు పక్కన జీడిపప్పు ఇంకా తెల్లగా తేలింది. పచ్చ మరీ ఎక్కువైందనుకున్నాడో ఏమో, ఆకుల మీద నీళ్లు తిప్పి తగ్గించాడు.

ఆమె ముఖం విచ్చుకుంది. అట్ట దగ్గరికి లాక్కుని చూస్తూ చూస్తూ ఒకచోట ఆగింది. ఎడమ బొటనవేలి గోరు నల్లగా ఉంది. పిక్కను పట్టుకునే వేలది. ఎంత సొన తాగిందో, గోరింటాకు అక్కడ పట్టనేలేదు. అతను ఉన్నది ఉన్నట్టే వేశాడు.

"చెరిపెయ్యమంటారా?" అని మెల్లగా అడిగాడు, కుంచె తడిపి పట్టుకుని.

ఆమె అట్టను చూసింది. తన వేలిని చూసింది. నా వైపు చూసింది. ఆ ఒక్కసారీ నేను నోరు మూసుకున్నాను.

"ఉండనీ బాబూ. అదీ తీసీత్తే, అది నానేనని ఎవులికి తెలుత్తాది?"

రంగు ఆరేదాకా అట్టకు విసనకర్రతో విసురుతూనే కూర్చుంది, ఎడంచేత్తో. ఆఫీసరు సరేనన్నాడని సాయంత్రం ఫోను వచ్చింది.

ఆ పొద్దున అక్కడున్నది రంగుల సంచితో వచ్చిన చిత్రకారుడు, నవ్వడానికే వచ్చినట్టున్న పక్కింటి వదిన, నేను, మా ఇంటిది.