పదకొండే చొక్కాలు

మైదానం ఎడమ గీత వెంట బంతిని తీసుకుని పరుగెత్తి, గోల్ ముందుకు కొట్టి ఆగాను. ఊపిరి పూర్తిగా లోపలికి పోలేదు. ఎడమ పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టు నొప్పి. వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటే దగ్గు వచ్చింది, పొడి దగ్గు. పొద్దున తిన్న ఉప్మా అరగలేదనుకున్నాను. ఇరవై ఏళ్ళవాడికి ఎక్కడ నొప్పి వచ్చినా నేరం ఉప్మా మీదకే పోతుంది.

తొంభైల చివరి మాట ఇది. మాదాపూర్‌లో రాళ్ళగుట్టల మధ్య గాజు మేడలు లేవడం మొదలైంది. మెదక్ వైపు నుంచి వచ్చిన మా బాపు అక్కడే సెంట్రింగ్ పని చేసేవాడు. మదీనాగూడలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నేను మియాపూర్ దాటాక ఉన్న ఒక కాలేజీలో బీకాం చదువుతూ, కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడేవాణ్ణి.

ఆ జట్టు సంగతి చెప్పకపోతే నా రోగం సంగతి మీకు అర్థం కాదు. మాకు ఆట నేర్పే పీడీ సార్ లెక్కలో జట్టంటే పదకొండు మంది. మిగతా అయిదుగురూ బెంచీ. నిమ్మకాయలు కోయడం, ముళ్ళకంపల్లో పడ్డ బంతిని తేవడం బెంచీవాళ్ళ పని. ప్రాక్టీసులో కూడా వాళ్ళ కాలికి బంతి తగిలేది కాదు. కాలేజీ కుట్టించిన ఆకుపచ్చ చొక్కాలు కూడా పదకొండే. ఆట మధ్యలో ఎవరినైనా మార్చాలంటే, బయటికి వచ్చేవాడు గీత దగ్గర నిలబడి, అందరూ చూస్తుండగా చొక్కా విప్పి, చెమటతో తడిసిన ఆ చొక్కానే లోపలికి పోయేవాడికి ఇవ్వాలి. ఒకే నంబర్ మీద ఇద్దరు ఎట్లా ఆడతారని మేం ఆడే టోర్నమెంట్లలో ఎవరూ అడిగేవారు కాదు. "వాని చొక్కా ఇప్పించిండ్రు" అనే మాట పడితే కాలేజీలో తలెత్తుకు తిరగలేం. అందుకే కాలు బెణికినా, కళ్ళు తిరిగినా, ఎవడూ బయటికి వచ్చేవాడు కాదు.

నా చోటుకు బెంచీ మీద ఉన్నవాడు జోసెఫ్. వాళ్ళది గుంటూరు వైపు. వాళ్ళమ్మ మేరీ ఆంటీ మియాపూర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. "నువ్వెప్పుడు పడిపోతావా అని రెండేళ్ళుగా చూస్తూ కూర్చున్నా" అని జోసెఫ్ నా మొహం మీదే నవ్వుతూ చెప్పేవాడు.

దగ్గు తగ్గలేదు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, పొద్దున లేచేసరికి తలగడ తడిసి ఉండేది. నిక్కరు నాడా రోజురోజుకూ బిగించి కట్టుకోవలసి వచ్చేది. చౌరస్తాలో ఒక క్లినిక్‌కు పోతే "వైరల్" అని మాత్రలిచ్చారు. అవి వేసుకుని ఆడాను. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక పీడీ సార్ దగ్గరికి పోయాను.

"సార్, జర పానం మంచిగలేదు. ఈ ఒక్క మ్యాచ్ కూసుంట."

"నువ్వు కూసుంటే లెఫ్ట్‌ల ఎవడాడుతడ్రా? ఎవడున్నడు?"

ఆయన వెనక బెంచీ మీద అయిదుగురు కూర్చుని ఉన్నారు. ఒకడు నిమ్మకాయ కోస్తున్నాడు. ఆయనకు నిజంగానే ఎవరూ కనబడలేదు. చెప్పొద్దూ, అప్పుడు నాకూ కనబడలేదు.

ఆ మ్యాచ్ రెండో సగంలో కార్నర్ జెండా దగ్గర పడిపోయాను. లేద్దామంటే గాలి అందలేదు. జోసెఫ్ వచ్చి నన్ను లేపి గీత దాకా నడిపించాడు. నా చొక్కా విప్పి వాడే తొడుక్కుని లోపలికి పరుగెత్తాడు. అదే వాడి మొదటి మ్యాచ్. బంతి కాలి కిందికి వస్తే ఏం చేయాలో తెలియక తడబడ్డాడు. ఎప్పుడూ ఆడించనివాడికి ఎట్లా తెలుస్తుంది? మేం ఓడిపోయాం.

మర్నాడు మేరీ ఆంటీ నన్నూ మా అమ్మనూ వెంటబెట్టుకుని ఛాతీ దవాఖానకు తీసుకుపోయింది. ఎక్స్‌రేలో నా ఎడమ వైపు సగం దాకా తెల్లగా ఉంది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, నా వైపు తిరిగింది.

"ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఫుట్‌బాల్ ఎలా ఆడావయ్యా?"

"ఎవరూ లేరన్నారు మేడమ్."

వీపులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. గడ్డి రంగు నీళ్ళు, సీసా నిండా. దాన్ని ట్యాపింగ్ అంటారట. ఈఎస్ఆర్, మాంటూ, స్ప్యూటమ్ అనే కఫం పరీక్ష అన్నీ అయ్యాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. "ట్యూబర్‌క్యులర్ ప్లూరల్ ఎఫ్యూషన్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. టీబీ. స్ప్యూటమ్ నెగెటివ్ కాబట్టి నీ నుంచి ఇంకొకరికి అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు. కంచాలతో, బట్టలతో అసలే రాదు. ఆరు నెలలు మందులు. ఒక్క రోజు కూడా మానకూడదు."

"మళ్ళీ ఆడొచ్చా మేడమ్?"

"ముందు బతుకు నాయనా. ఆట సంగతి మరిచిపో."

బతకడం ఒకటి, ఆడటం ఒకటి అని నేనెప్పుడూ విడదీసి చూడలేదు. పైకి తలూపాను. లోపల మాత్రం, మందులు ఒక్కటీ మానను, ఆటా మరిచిపోను, ఏం చేసుకుంటారో చేసుకోండి అనుకున్నాను.

బస్సు దిగగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎవలన్న అడిగితే నిమ్ము చేసిందని చెప్పు బిడ్డా. ఆ పేరు ఎత్తకు. ఇల్లు ఖాళీ చేయమంటరు."

"దొంగతనం చేసిన్నా అమ్మా, దాసనీకి?"

అడిగిన ప్రతివాడికీ టీబీ అనే చెప్పాను. కాలేజీలోనూ అదే చెప్పాను. ఫలితం వెంటనే తెలిసింది. నేను వేసుకున్న పదకొండో నంబర్ చొక్కాను ఉతికించి కూడా ఎవరూ తొడుక్కోలేదు. స్టోర్ రూమ్‌లో చిరిగిన నెట్ల మీద పడేశారు. జోసెఫ్ తన సొంత బనీను మీద సుద్దముక్కతో నంబర్ రాసుకుని ఆడుతున్నాడని తెలిసింది. చొక్కా వాడు తొడుక్కుంటానన్నా పీడీ సార్ ఇవ్వలేదట. అంతకుముందే మేరీ ఆంటీ వాడికి ఎక్స్‌రే తీయించింది. అంతా క్లియర్. అయినా ఎక్స్‌రే చెప్పింది ఎవడు వింటాడు?

నాకు నీళ్ళు తీసినప్పుడు రాని ఏడుపు ఆ చొక్కా సంగతి విన్నప్పుడు వచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. ఆ కోపమే నన్ను నిలబెట్టింది, ఇప్పటికీ అదే అంటాను. నేను మళ్ళీ ఆ చొక్కానే వేసుకుని ఆడాలి, నేను విప్పాక దాన్ని ఇంకొకడు తొడుక్కోవాలి. అప్పుడే నాకు రోగం నయమైనట్టు అని ఒట్టు పెట్టుకున్నాను.

పొద్దున పరగడుపున గుప్పెడు మాత్రలు. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వచ్చేది. మొదటిసారి చూసి రక్తమనుకుని కేక పెడితే, బాపు పరుగెత్తుకొచ్చి చూసి, తర్వాత చాలా రోజులు నవ్వాడు. ఆకలి తిరిగి వచ్చింది, జ్వరం పోయింది. ఇగ అయిపోయిందనుకున్న సమయంలో వాంతులు మొదలయ్యాయి. కళ్ళు పచ్చబడ్డాయి. మందులకు లివర్ దెబ్బతిన్నదన్నారు.

"పసరు పోపిస్త, పా" అని అమ్మ పట్టుబట్టింది. కామెర్లకు పసరు పోసే ఆయన పటాన్‌చెరు వైపు ఉన్నాడట. డాక్టరమ్మ చేతులు జోడించినంత పని చేసింది. "పసరు జోలికి పోకండమ్మా, ఉన్న లివర్ కూడా పోతుంది. ఆ మందులు కొన్నాళ్ళు ఆపుతాం. అంతవరకు స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, ఎథాంబుటాల్. లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెడదాం." మరోసారి మా అమ్మ మాట కాదన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు గాని, అన్నం మాత్రం మెత్తగా వండి పెట్టింది.

ఇంజక్షన్ రోజూ చేయించుకోవాలి. చేసేది మేరీ ఆంటీయే, కానీ మదీనాగూడ నుంచి అక్కడిదాకా నడిచే శక్తి నాకు లేదు. బాపు పొద్దున్నే పనికి పోవాలి. మొదట జోసెఫ్ స్కూటర్ మీద తీసుకుపోయేవాడు. వాడికి వీలుకాని రోజు మా గోల్‌కీపర్ యాదగిరి వచ్చాడు. ఆ తర్వాత బెంచీ కుర్రాళ్ళు వంతులు వేసుకున్నారు. మొదట్లో యాదగిరి స్కూటర్ మీద ముందుకు జరిగి కూర్చునేవాడు, నేను తగలకుండా. నేను కావాలనే వాడి భుజం మీద చెయ్యి వేసేవాణ్ణి. వారం తిరిగేసరికి వాడు జరగడం మానేశాడు.

అప్పుడు నాకో సంగతి తట్టింది. నన్ను బతికిస్తున్నది ఒక్కడు కాదు. ఒకడికి వీలుకాకపోతే ఇంకొకడు ఉన్నాడు, అందుకే నా ఇంజక్షన్ ఒక్క రోజూ తప్పలేదు. మరి మా జట్టుకేం రోగం?

కాస్త తేరుకున్నాక నడవమన్నారు. నడుచుకుంటూ కాలేజీ గ్రౌండ్‌కు పోయి బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ కూర్చోవడం నాకదే మొదటిసారి. అక్కడి నుంచి ఆట వేరేగా కనబడింది. గోల్ ముందు అడ్డుకునే మా స్టాపర్ అలసిపోయి రెండో సగంలో చేతులు నడుము మీద పెట్టుకుంటున్నాడు. ఆ తర్వాత పడిన గోల్ వాడి పక్క నుంచే పడింది. లోపల ఆడేటప్పుడు ఇవేవీ తెలియలేదు.

"సార్, వాణ్ణి పడకముందే మార్చుండ్రి" అన్నాను పీడీ సార్‌తో.

"ఎవడున్నడ్రా?"

నేను లేచి నిలబడ్డాను. "అయిదుగురున్నరు సార్. మీరు ఎన్నడన్న వీళ్ళ దిక్కు చూసిండ్రా? నన్ను ఆ దినం కూసోబెట్టి ఉంటే నేను గట్ల పడకపోదును."

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. గడియారం చూసుకుంటూ అవతలికి పోయాడు. ఆ తర్వాతి మ్యాచ్‌లో స్టాపర్ చీలమండ వాచింది. తప్పనిసరై బెంచీ కుర్రాణ్ణి దింపాడు. వాడేమీ అద్భుతంగా ఆడలేదు. ఆ వారం నుంచి మాత్రం పీడీ సార్ ప్రాక్టీసులో బెంచీని రెండు వైపులా పంచి కలిపి ఆడించడం మొదలుపెట్టాడు. నిమ్మకాయలు తానే కోసేవాడు. రెండు ఆటలు ఓడాం, తర్వాత ఓడటం తగ్గింది.

లివర్ వల్ల నా కోర్సు ఆరు నెలలు దాటింది. చివరి ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ అంది, "కొంచెం ప్లూరల్ థికెనింగ్ మిగిలింది, ఊపిరితిత్తి మీది పొర మందమైంది. దమ్ము మునుపటంత ఉండదు. ఆడతానంటే అరగంట ఆడు, ఆయాసం వస్తే వెంటనే ఆపు. నీతో వాదించే ఓపిక నాకు లేదు."

స్టోర్ రూమ్‌కు పోయి నెట్ల మీది చొక్కా తీశాను. "కొత్తది కుట్టిస్త లేరా" అన్నాడు పీడీ సార్. "నాకు ఇదే కావాలె సార్." అమ్మ దాన్ని ఉతికి, అందరికీ కనబడేలా వాకిట్లో తీగ మీద ఆరేసింది. నిమ్ము అని చెప్పమన్న మనిషే.

మ్యాచ్ గచ్చిబౌలి వైపు యూనివర్సిటీ గ్రౌండ్‌లో. నేను మొదటి నుంచీ ఆడాను. కాళ్ళు మరిచిపోలేదు. అరగంట దగ్గర పడుతుండగా ఛాతీ బరువెక్కింది. ఆ రోజు నా అంతట నేనే చెయ్యెత్తాను. మా జట్టులో ఎవడూ అట్లా ఎత్తి ఎరగడు.

గీత దగ్గరికి వచ్చి చొక్కా విప్పాను. పిండితే కారేలా ఉంది. మా కాలేజీ పిల్లలందరూ చూస్తున్నారు. పీడీ సార్ తన సంచిలోంచి ఇస్త్రీ చేసిన టీషర్ట్ ఒకటి తీసి జోసెఫ్ ముందు పట్టుకున్నాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, నాకు తెలుసు. అయినా చొక్కా పట్టుకున్న చెయ్యి చాచలేకపోయాను.

జోసెఫ్ ఆ టీషర్ట్ వైపు కూడా చూడలేదు. "ఇవ్వరా బాబూ, టైమ్ పోతోంది! నేనున్నాగా" అని నా చేతిలోంచి చొక్కా లాక్కుని తల మీదుగా తొడుక్కున్నాడు. దాని అంచుతోనే మొహం తుడుచుకుని లోపలికి పరుగెత్తాడు. ఆట డ్రా అయింది. నేను బనీనుతోనే బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పీడీ సార్ ఆ టీషర్ట్ నా భుజాల మీద కప్పి, ఒక నిమ్మకాయ ముక్క చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసు క్యాంపస్‌లో ఫెసిలిటీస్ సూపర్‌వైజర్‌ని. ఆదివారాలు మియాపూర్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. వచ్చిన ప్రతివాడూ ఆడతాడు, ప్రతివాడూ బెంచీ మీద కూర్చుంటాడు. మెట్లెక్కితే నాకు ఇంకా కాస్త ఆయాసం వస్తుంది. రానీ.

ఒక్క మాట మాత్రం వినండి. దగ్గో, సాయంత్రం జ్వరమో రెండు వారాలు దాటితే ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించుకోండి. "నేను లేకపోతే ఎవడున్నాడు" అని ఇంట్లోగానీ, పనిలోగానీ లాక్కురాకండి. చొక్కా విప్పి పక్కవాడి చేతికివ్వండి. తొడుక్కునేవాడు ఉంటాడు. ఎవడూ లేకపోతే ఆ తప్పు జట్టును నడిపేవాడిది, రోగిది కాదు.