చెవిటి మెకానిక్కు

మా ఆయనకి వీధిలోవాళ్ళు పెట్టిన పేరు చెవిటి మెకానిక్కు. చెవులకేం, భేషుగ్గా వినిపిస్తాయి. వంటింట్లో నేను ఫోన్లో గొంతు తగ్గించి వాళ్ళవైపు వాళ్ళని ఒక్క మాట అంటే చాలు, ముందుగదిలోంచి దగ్గు వినిపిస్తుంది. కాకపోతే కొట్లో గిరాకీ చెప్పేది మాత్రం వినేవారు కాదు. నాణెం వేసి నిలబడి ఆడే పాత వీడియో గేమ్ మెషీన్లు ఉండేవి చూడండి, వాటి లోపలి బోర్డులు బాగుచేయడం ఆయన పని. ఎవరైనా బోర్డు తెచ్చి, "మొన్నటిదాకా బాగానే ఆడిందండీ, మా తమ్ముడేదో కదిపాడు" అని మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపేసేవారు.

"మీరేం చెప్పకండి. బోర్డే చెబుతుంది."

ఓనర్లు చెప్పేవన్నీ కోతలేననీ, అవి చెవిలో పడితే చెయ్యి దారి తప్పుతుందనీ ఆయన సిద్ధాంతం. గిరాకీ కూర్చోడానికి కొట్లో ఒక స్టూలు కూడా ఉండేది కాదు. ముప్పై ఏళ్ళు ఆ సిద్ధాంతం నిలబడింది. అది చూసి నేనూ మురిసిపోయేదాన్ని, దాచడమెందుకు.

ఒక మధ్యాహ్నం మా ఆడపడుచు, ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు, పాత దుప్పటిలో చుట్టిన బోర్డొకటి చంకన పెట్టుకుని వచ్చింది. వాళ్ళాయన ఒకప్పుడు వాళ్ళ ఊళ్ళో గేమ్‌ల పార్లర్ నడిపేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు. బడి వదలగానే సందులన్నీ దూరి పార్లర్లో తేలేది, అందుకని దాన్ని చిట్టెలుక అనేవాళ్ళం. కాళ్ళకింద చెక్కపెట్టె వేసుకుంటే గాని బటన్లు అందేవి కావు. పదకొండో ఏట జ్వరం తగిలి ఆరు రోజుల్లో పోయింది. పార్లర్ మూతపడింది. మెషీన్లన్నీ పాతసామాన్లవాడు తోలుకుపోతుంటే, ఒక్కదాంట్లోంచి మాత్రం మా ఆడపడుచు బోర్డు ఊడదీయించి దాచుకుంది. ఇది తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. అప్పట్నుంచీ మా ఇంట్లో చిట్టెలుక మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే మా ఆయన లేచి వెళ్ళిపోతారు. ఆ మేనకోడలంటే ఆయనకి ప్రాణం.

"ఏం గేమో నాకు తెలీదన్నయ్యా," అంది. "పిట్టలు గుంపుగా దిగుతుంటే కిందనుంచి కాల్చాలి. మెషీన్ మీద బొమ్మ వేరే గేమ్‌దని మీ బావ అనేవాడు."

"మామూలేగా. పెట్టె అదే ఉంచి లోపలి బోర్డు మార్చేస్తుంటారు."

"అన్నయ్యా, అందులో మన చిట్టెలుక..."

ఆయన చెయ్యెత్తారు. "వద్దమ్మా. బోర్డే చెబుతుందిలే."

గిరాకీని ఆపినట్టే ఆపారు గాని, ఈసారి అది సిద్ధాంతం కాదు, భయం. ఆ గొంతు నాకు తెలుసు. ఆమె నావైపు చూసింది. ఎక్కడ ఏడుస్తుందోనని నేను కూడా "కాఫీ కలపనా?" అన్నాను. నా నోరు పడిపోను.

ఆమె చెప్పబోయింది ఇదీ అని తర్వాత తెలిసింది. ఆ గేమ్‌లో ఆట అయిపోయాక తెర మీద పదిమంది పేర్ల పట్టీ వస్తుంది, పేరుకి మూడే అక్షరాలు. అందులో అన్నిటికన్నా పైన ఉన్న పేరు చిట్టెలుకది. జ్వరం రావడానికి వారం ముందు కొట్టిన స్కోరు. ఆ పట్టీ ఒక్కసారి కళ్ళారా చూసి ఫొటో తీసుకోవాలి. అంతే ఆమె కోరిక.

ఆమె అటు బస్సెక్కిందో లేదో, ఇటు ఆయన బోర్డు బల్ల మీద పరిచి కటింగ్ ప్లయర్ తీశారు. పాత బోర్డు చేతికొస్తే ఈ పనివాళ్ళు అన్నిటికన్నా ముందు బ్యాటరీ తీసేస్తారు. చూడ్డానికి బొటనవేలి గోరంతే ఉంటుంది, కానీ కారిందంటే చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. దీని పక్కనా అప్పటికే పచ్చటి మరక పడింది. టక్, టక్. రెండు కాళ్ళూ తెంపి మీటరు పెట్టి చూశారు.

"తొమ్మిదేళ్ళయినా చావలేదే! మొండి ఘటం," అని నాకు చూపించి నవ్వారు. నేనూ నవ్వాను.

కరెంటు లేనప్పుడు స్కోర్ల పట్టీని నిలబెట్టి ఉంచేది ఆ బ్యాటరీయే. అది ఆయనకి తెలియక కాదు. పాత స్కోర్లు ఎవరిక్కావాలి, ముప్పై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగబోయారేమో, ఈయన నోరు విప్పనిచ్చిందెక్కడ?

తర్వాత పదహారు రోజులు ఆయన చేసిన పనికి ఎవరైనా దండం పెట్టాల్సిందే. అది నకలు బోర్డు. ఎక్కడా పేరు లేదు, చిప్పుల మీద నంబర్లు కూడా ఎవరో గరుకు కాగితం పెట్టి రుద్దేశారు. లావుపాటి గీత ఎటు పోతోందో వేలితో వెంబడించి, నెగటివ్ ఇదీ అన్నారు. వీపు మీద రేకున్న చిప్పుని చూసి, స్పీకరు తీగ ఇక్కడ అన్నారు. ఒక మూల గుంపుగా ఉన్న చిన్న రెసిస్టర్లు చూపించి, తెరకి ఎరుపూ ఆకుపచ్చా నీలం వెళ్ళేది ఇక్కణ్ణుంచే అన్నారు. ఒక్కొక్కటీ నోట్‌బుక్కులో గీసుకున్నారు. ప్రోగ్రాం ఉన్న చిప్పుల్ని మెల్లిగా పెకలించి కంప్యూటర్లో చదివిస్తే, అన్ని వేల అంకెల మధ్య ఒకచోట పది పొట్టి పేర్లు కనిపించాయి.

"స్కోర్ల పట్టీకి కంపెనీవాళ్ళు పెట్టిన ఉత్తుత్తి పేర్లివి," అన్నారు. ఆ పేర్లు పట్టుకుని పాత జాబితాలు తిరగేసి, అది ఏ గేమో కూడా తేల్చేశారు. అప్పుడైనా ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదు.

కరెంటు ఇస్తే మొదట తెర నిండా పిచ్చిగీతలు. మెమరీ చిప్పులన్నిటి మీదా వేలు ఆనించి చూసి, కాలుతున్నదాన్ని పట్టుకుని మార్చారు. అప్పుడు పిట్టలు దిగాయి గాని, తలలున్న వాటికి రెక్కల్లేవు. ఇంకో నాలుగు రోజులు వెతికితే ఒక సాకెట్లో చిప్పు కాలొకటి నల్లబడి కనిపించింది. దాన్ని గీకి శుభ్రం చేసి పెట్టేసరికి రెక్కలొచ్చాయి. "దాని పిట్టలే ఇవి," అన్నారాయన, నాతో కాదు. తొమ్మిదేళ్ళలో చిట్టెలుక మాట ఆయన నోట రావడం అదే మొదలు.

కబురు పెట్టగానే మా ఆడపడుచు మొదటి బస్సుకే దిగింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, ఫోను చేతిలోనే పట్టుకుంది. నేను వంటింట్లోంచి స్టూలు తెచ్చి వేశాను. పిట్టలు దిగాయి. ఆడేవాళ్ళు లేక ఆట దానంతటదే ముగిసి, పేర్ల పట్టీ వచ్చింది. ఆమె ఫోను పైకెత్తింది. పట్టీ పోయి మళ్ళీ పిట్టలు వచ్చాయి. ఫోను దించలేదు. మళ్ళీ పట్టీ వచ్చింది.

"ఇది కాదన్నయ్యా. పైన దాని పేరుండాలి."

"ఎవరి పేరు?"

"చిట్టెలుక పేరు. నలభై ఒక్క వేల ఆరు వందలు. మొదటిది అదే."

ఆయన తెర దగ్గర్నుంచి బల్ల వైపు తిరిగారు. సొరుగు లాగి, పాత బ్యాటరీల డబ్బా బల్ల మీద బోర్లించి, ఆ గోరంతదాన్ని వెతికి పట్టుకున్నారు. తెగిన కాళ్ళని తెగినచోటే ఆనించి తెరకేసి చూశారు. ఒకసారి తెగితే పోయినట్టేనని అందరికన్నా బాగా తెలిసిన మనిషి.

"నేనే తీసేశానమ్మా," అన్నారు. "మొదటిరోజే. నువ్వు గుమ్మం దిగేదాకా ఉంది అందులో."

నాకు ఆయన మీద ఒళ్ళు మండింది, ఆయన్ని చూసి జాలేసింది, రెండూ ఒక్కసారే.

"మళ్ళీ పెట్టొచ్చమ్మా. నలభై ఒక్క వేల ఆరు వందలు కదూ? చిప్పులో నేనే రాస్తాను. అచ్చం అలాగే వస్తుంది. ఎవరూ పోల్చలేరు."

ఆమె తెరకేసి చూస్తూ ఫోను దించింది.

"నాకు తెలుస్తుందిగా అన్నయ్యా. అది నువ్వు రాసింది అవుతుంది. నాకు చిట్టెలుక పెట్టుకున్నది కావాలి. దాని బట్టలు, పుస్తకాలు అన్నీ ఇచ్చేశాం. దాని చేత్తో చేసింది ఇదొక్కటే మిగిలింది."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు వద్దన్నా నేను చెప్పాల్సింది," అని తప్పు తన మీదే వేసుకుంది. బోర్డు తీసుకెళ్ళలేదు. దుప్పటి ఒక్కటే మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ బ్యాటరీ ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఉంటుంది. బట్టలు నానబెట్టే ముందు తీసి, ఉతికిన చొక్కా జేబులో వేస్తాను. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోం. స్టూలు మళ్ళీ వంటింట్లోకి రాలేదు. ఎవరు బోర్డు తెచ్చినా, "కూర్చోండి. ఇదెవరిది? ఇందులో ఏముంది?" అని అడుగుతారు. తమ్ముడు కదిపిన సంగతీ, మేనమామ కొనిచ్చిన సంగతీ, కోతలతో సహా అన్నీ వింటారు. వాళ్ళు ఆపేదాకా ప్లయర్ ముట్టుకోరు. చెవిటి మెకానిక్కు మారిపోయాడని వీధంతా ఒకటే వింత.

మా ఆడపడుచు రాకపోకలు మానలేదు, ఆర్నెల్లకోసారైనా వస్తుంది. ఆయన గబగబా స్టూలు తుడిచి ముందుకు జరుపుతారు. "కూర్చో అమ్మా. చెప్పు, వింటాను," అంటారు.

"ఏముందన్నయ్యా చెప్పడానికి," అని వంటింట్లోకి, నా దగ్గరికి వచ్చేస్తుంది.