అక్క వీణకు వేసిన బంక

అక్క వీణ పగిలింది నా బంక వల్ల కాదు. అయినా ఇన్నేళ్లూ ఆ నింద నా మీదే ఉంది. మొన్న మనవరాలి వయొలిన్ అంచు వీడితే, గూడూరులో కొట్టతను ఒక్క చుక్కతో అతుక్కుపోయే బంక సీసా నా చేతిలో పెట్టాడు. మళ్లీ ఊడదీయాలంటే ఎట్లా అని అడిగాను. ఊడేదైతే బంకెందుకన్నాడు. నాకు ఒళ్లు మండింది.

వాయిద్యానికి వేసే బంక అవసరమైనప్పుడు ఊడాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. బడి మానేసిన నేను, పంతొమ్మిదివందల అరవైల్లో, పనసచెక్క ముక్కలకు రకరకాల బంకలు పూసి, కృష్ణపట్నం ఉప్పుగాలికి పెట్టి, విరిచి చూసి తెలుసుకున్నాను. తుమ్మబంక వానాకాలంలో జిడ్డుకారింది. చింతగింజల బంకను పురుగు తినింది. పశువుల తోలు ఉడికించి చేసే వజ్రం అనే బంక ఒక్కటే గట్టిగా పట్టింది, వేడినీళ్ల గుడ్డ పెడితే మర్యాదగా వదిలింది. ఎండకు చెక్క ముడుచుకుంటే వజ్రం అతుకు వీడుతుందే గాని చెక్క చీలదు. మళ్లీ కాస్త పూసుకుంటే సరి.

అక్క అత్తగారిల్లు కృష్ణపట్నంలోనే. వీణ కుండ మీది పలక అంచు లేస్తే, వాళ్ల పెరట్లోనే వజ్రం కాచి అతికించాను. వాసనకు అత్తగారు బయటికొచ్చింది.

"ఏందబ్బయా ఈ కంపు?"

చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

"సరస్వతికి గొడ్డుతోలు పూస్తావా? అది నా గడప దాటేదానికి లేదు."

రోజూ చేపల పులుసు ఉడికే ఇల్లది. మృదంగానికి కట్టేదేమిటో అడుగుదామని నోటిదాకా వచ్చింది గాని, అక్క మొహం చూసి మింగేశాను. ఆ ఇంట్లో తనదంటూ ఆమెకున్నది ఆ వీణే. సాయంత్రం కాసేపు వాయించకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు. వీణ వసారాలోనే ఉండిపోయింది. వారం తిరక్కుండా బావ, "మా అమ్మ ఒప్పుకునిందిలే" అని కబురు పంపాడు. నా మాటే నెగ్గిందని మురిసిపోయాను.

కొన్నేళ్లు వాయించింది. ఒక ఎండాకాలం పలక చీలింది. "తోలు తగిలిన చెక్క నిలుస్తదా?" అన్నది అత్తగారు. ఊరూ అదే అన్నది. వెళ్లి చూశాను. అతుకు అతుకులాగే ఉంది, దాని పక్కన చెక్క నిలువునా చీలి ఉంది. అతుకులో నా గోధుమరంగు వజ్రం లేదు. గాజులాగా గట్టిపడిన పచ్చటి బంక ఉంది, రెండు ట్యూబులు కలిపి వేసే కొత్తరకం. "ఇదెవరు వేసినారు బావా?" అంటే, బావ చుట్ట వెలిగించుకుని పొలం వైపు నడిచాడు. అక్క పోయేదాకా నన్ను ఒక్కమాట అనలేదు. నీ తప్పు కాదనీ అనలేదు.

మొన్న ఆ సీసా పట్టుకుని, కొట్లోంచి నేరుగా బావ దగ్గరికే బస్సెక్కాను. ఆయనకిప్పుడు చూపు ఆనదు. సీసా చేతికిచ్చి పాత ప్రశ్నే అడిగాను. వేళ్లతో దాన్ని తడిమి చూసి అన్నాడు:

"నేనే వేసినా బామ్మర్దీ. నీ తోలుబంకంతా గీకేసి, మా అమ్మ ముందరే వేసినా. లేకుంటే ఆమె వీణను లోపలికి రానిచ్చేదా? పగిలింది, నిజమే. పగిలేదాకా మీ అక్క వాయించింది గదా."