ముందు లోపం చెప్పే వేదవల్లవ్వ

తమిళనాడు ధర్మపురిలో ఉండే వేదవల్లవ్వకు ఒకటే జబ్బు. ఎవరి గురించి అడిగినా ముందు లోపం చెబుతుంది.

పైగా ఆమె చేసిన పని పెళ్ళి సంబంధాలు కుదర్చడం. బి. మల్లాపురం నుంచి ఏరియూరు దాకా తిరిగేది. మగపిల్లవాడి ఇంట్లో కాఫీ లోటా చేతికి అందకముందే మొదలుపెట్టేది: "పిల్లకు కోపం జాస్తి. ఎడమ చెవి మందం. కూరలో ఉప్పు మరిచిపోతుంది." వెంట వచ్చిన పిల్ల మేనమామ తల పట్టుకునేవాడు. అయినా ఎట్లాగో సంబంధం కుదిరేది.

ఈ ఏడు అవ్వ ఇంట్లో నవ్వడానికి ఏమీ లేదు. వానలు మొహం చాటేశాయి. కొడుకు దొరైసామికి కూలిపని లేదు. మనవరాలు కీర్తిక సంపాదిస్తేనే పొయ్యి వెలగాలి. ఆ పిల్లనేమో హోసూరు దగ్గర రెండు కంపెనీలు చేర్చుకున్నట్టే చేర్చుకుని, వారం తిరక్కముందే ఇంటికి పంపేశాయి. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకుంటోంది.

కారణం రెజ్యూమే. జిరాక్స్ అంగడి మలర్ ఊరందరికీ ఒకే రెజ్యూమే కొట్టి, పేరు మాత్రం మారుస్తుంది. అందులోవి అబద్ధాలని రెండు కంపెనీల్లోనూ బయటపడింది. మూడో కంపెనీ నుంచి పిలుపు వచ్చినరోజు అవ్వ ఆ కాగితం చదివించుకుంది.

"ప్లస్ టూ పాసు. బట్టలషాపులో రెండేళ్ళ అనుభవం. హాబీ, ఈత," అని చదివింది కీర్తిక.

"ఈ పిల్ల ఎవురే?"

"నేనే అవ్వా."

"హొగేనక్కల్‌లో గుండ్రటి పరిసల్ పడవ ఎక్కమంటే నా కాళ్ళు పట్టుకుని ఏడ్చినావే, ఆ నువ్వా?"

"అందరూ ఇట్లనే రాస్తారు అవ్వా."

"అందుకే అందరూ ఇంట్లోనే ఉండారు. పద మలర్ దగ్గరికి."

అంగడిలో అవ్వ ఈతను తీయించింది, అనుభవాన్ని తీయించింది, ఖాళీ అయిన చోటంతా లోపాలతో నింపించింది.

"అవ్వా, ఇది రెజ్యూమే, పోలీసు ఫిర్యాదు కాదు," అంది మలర్.

"కొట్టమ్మా. నువ్వు సగం మాటలు తప్పు కొడతావని నేను ఎవరికైనా చెప్పినానా?" అంది అవ్వ, అంగడిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేటట్టు.

ఇంటర్వ్యూకు తానూ బస్సెక్కింది. కీర్తిక దారంతా కిటికీకి తల ఆనించి కూర్చుంది. "ఈసారీ పంపేస్తే ఇంక గడప దాటను అవ్వా," అంది. అవ్వ శనక్కాయలు ఒలిచి మనవరాలి చేతిలో పెడుతూ పోయింది.

మేనేజరు లోకనాథన్ ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ప్లస్ టూలో లెక్కలు తప్పింది. రెండేళ్ళు ఖాళీ, తుంటి విరిగిన అవ్వను చూసుకుంది. పొద్దున త్వరగా లేవదు. ఇవన్నీ ఎవరు రాయమన్నారమ్మా?"

కీర్తిక తల వంచుకుని పక్కనున్న అవ్వను చూపించింది.

"రేపు మీరే కనిపెట్టి మోసగత్తె అని పంపేస్తే, పిల్ల తల ఎత్తుకోలేదు సార్," అంది అవ్వ. "ఇప్పుడు తీసుకుంటే అన్నీ తెలిసి తీసుకున్నట్టు. నేను కుదిర్చిన పిల్ల ఒక్కతి కూడా పుట్టింటికి తిరిగి రాలేదు."

కీర్తిక తలెత్తి అవ్వను చూసింది. ఇన్నాళ్ళూ నోటి దురుసనుకున్నది ఆ పిల్లలందరికీ కాపలా అని ఇప్పుడు తెలిసింది.

"మరి గుణాలు ఒకటీ రాయలేదే?" అన్నాడు లోకనాథన్.

"అవి ఉంచుకున్నవాళ్ళకు కనబడతాయి సార్."

ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. "పొద్దున లేవదు కాబట్టి మధ్యాహ్నం షిఫ్టు వేస్తాను. సోమవారం నుంచి రమ్మనండి."

కీర్తిక లేచి దండం పెట్టబోయింది. అవ్వ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఉండవే. మా పక్క చెప్పుకున్నాము. ఇప్పుడు మీ కంపెనీ లోపాలు చెప్పండి సార్."

లోకనాథన్ ఒకసారి తలుపు వైపు చూశాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, క్యాంటీన్ సాంబారుతో మొదలుపెట్టాడు.