దేవుని బస్తాలో మేఘనౌక

రుద్రారం పరంజ్యోతి చిన్నప్పుడు చేసిన పనులన్నింటిలోకి తెలివైనది ఏదంటే, తన బొమ్మల పుస్తకాలను దేవుని బస్తాలో దాచడం. అన్నింటిలోకి తెలివితక్కువ పని కూడా అదే.

ఎనభైల నడిమి మాట. తండ్రి సుందర్‌రాజు పటాన్‌చెరులో పైపుల ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతూ, మిగిలిన పొద్దులో ఉన్న కాస్త మడిలో వరి పండించేవాడు. ఒకనాడు షిఫ్టు దిగి వస్తూ, బస్టాండులో యాదన్న పుస్తకాల బండి దగ్గర ఆగి బిడ్డకోసం ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. పేరు 'మేఘనౌక'. మబ్బుల మీద ఓడ నడిపే జయకేతు అనే కుర్రాడి సాహసాలు. తెచ్చినవాడు తెచ్చి చక్కగా పడుకున్నాడు. పిల్లకు మాత్రం పిచ్చి పట్టింది! నిప్పులు కక్కే దీవి, ఓడను తన్నుకుపోయే గద్ద, తాడు పట్టుకొని వేలాడే జయకేతు... పుట తిప్పితే 'తరువాయి వచ్చే నెల' అని ఉంది. వచ్చే నెలా? అందాకా ఆ పిల్లవాడు వేలాడవలసిందేనా? పరంజ్యోతికి ఆ పూట ముద్ద దిగలేదు.

ఇక నెలనెలా అదే వరస. పుస్తకం రాగానే ముందు వాసన చూసేది, తర్వాత అట్ట వేసేది. చదవడానికి వచ్చిన వాడకట్టు పిల్లలు చేతులు కడుక్కుంటే గానీ ముట్టనిచ్చేది కాదు. జయకేతు కొండచరియ దాటుతుంటే తాను కూర్చున్నచోటే కాళ్లు ముడుచుకునేది. అలా దాటిస్తూ దాటిస్తూ ఒకరోజు పొయ్యి మీది అన్నం మాడ్చేసింది.

తల్లి సాయమ్మ గిన్నె దించి కొంగు బిగించింది. "ఇంకోపారి గా బొమ్మల బుక్కు నీ చేతుల కనవడాలె, పొయ్యిల పెడ్త సూడు!"

సాయమ్మ అంటే అన్నదే. పుస్తకాలను ఎక్కడ దాచాలి? ఇల్లంతా ఆమె చీపురు తిరగని మూల లేదు, ఒక్కటి తప్ప. కొత్త పంట రాగానే తాము ఒక్క మెతుకైనా నోట్లో పెట్టకముందే, కోతపండుగకు ఊరి క్రైస్తవ గుడిలో అర్పించడానికి ఒక బస్తా బియ్యం నింపి మూలన నిలబెట్టేవారు. పండుగ దాకా దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టరు. ఇంతకంటే భద్రమైన చోటు ఉంటుందా? తల్లి చేనుకు పోయిన వేళ చూసి, పరంజ్యోతి పుస్తకాలన్నీ మూటగట్టి బియ్యంలో లోతుగా దోపింది. పండుగ ముందటి రోజు సాయంత్రం తీసేస్తే సరిపోతుందనుకుంది.

ఆ రోజు పొద్దున రంగు కాగితాలు కొనడానికి సుందర్‌రాజు పటాన్‌చెరు పోతుంటే తానూ బస్సెక్కింది. కొత్త సంచిక వచ్చి ఉంది! యాదన్న అందిస్తూ అన్నాడు, "వచ్చే నెలతోని కత ఖతం బిడ్డా. గా ఆఖరిది నీకోసం పక్కకు పెడ్త, ఫికర్ చెయ్యకు." వచ్చేదారిలో బస్సులో నిలబడే చదివేసింది. ఇంటికొచ్చి చూస్తే మూల ఖాళీ.

"అమ్మా, బస్తా ఏది?"

"గుడి సంఘం పోరగాండ్లు బండి కట్టుకొచ్చి తీస్కపోయిన్రు. ఏంది, గట్ల సూస్తవ్?"

ఏమని చెబుతుంది? నోరు తెరిస్తే తిట్లు, తెరవకపోతే పుస్తకాలు పాయె.

ఆదివారం గుడిలో గుమ్మడికాయలు, చెరకుగడల నడుమ ఆ బస్తా పూలదండ వేసుకుని కూర్చుంది. అయ్యగారు చేతులు చాపి అన్నిటి మీదా ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు, పరంజ్యోతి తప్ప. ఆరాధన కాగానే పందిట్లో ఆ కానుకలన్నిటినీ వేలం వేసే హర్రాజు మొదలైంది. కోళ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. బస్తా వంతు వచ్చి, అటొకరు ఇటొకరు పాట పెంచుతుంటే ఆ పిల్ల ఇక ఆగలేకపోయింది.

"దాన్ని అమ్మొద్దు అయ్యగారూ! దాంట్ల నా జయకేతు ఉన్నడు!"

పందిరంతా గొల్లున నవ్వింది. చాప పరిచి బస్తా కుమ్మరిస్తే తవుడు పూసుకున్న మేఘనౌకలు బయటపడ్డాయి. సాయమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు నవ్వారు గానీ, తల అడ్డంగా ఊపారు.

"ప్రార్థన చేసినం గద బిడ్డా. పీఠం ముందర పెట్టింది మల్ల ఇంటికి తీస్కపోరాదు. ఇవి గూడ హర్రాజుల రావాల్సిందే."

పిల్లలు తండ్రుల చొక్కాలు గుంజడం మొదలుపెట్టారు. ఎవరూ పాట ఎత్తకముందే వెనకనుంచి ఏసమ్మ లేచింది. గుడి వెనక గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలామె, అక్షరం ముక్క రాదు.

"గుడ్లు పెట్టే పెట్టనిస్త. గా బొమ్మల బుక్కులు నాకియ్యిన్రి."

గుడ్లు పెట్టే పెట్టకు మించి పాడే మొనగాడు లేడు. పుస్తకాలు ఏసమ్మవయ్యాయి. పరంజ్యోతి ఏడ్చిన ఏడుపుకు పక్క వాడకట్టు కుక్కలు కూడా జాలిపడి ఉంటాయి.

మర్నాడు బడి కాగానే ఏసమ్మ గుడిసె ముందు నిలబడింది. "అవ్వా, నీకు సదువు రాదు గద. నాకిచ్చెయ్యరాదూ?"

"ఊహూఁ, ఇయ్య," అంది ఏసమ్మ. "కూసో. సదివి ఇనిపియ్యి."

ముసలిదాని మీద ఎంత కోపం వచ్చినా, పుస్తకం చేతిలో పడగానే ఆ పిల్ల గొంతు లేచింది. ఇక రోజూ సాయంత్రం అదే పని. ఏసమ్మ ఊరికే వినే రకం కాదు, బొమ్మల్లో వేలు పెట్టి మరీ తగాదా ఆడేది. "గద్ద వస్తున్నది, ఎనకకు సూడుర పోరగా! నెత్తి లేదా నీకు?" అని జయకేతును తిట్టేది. ఓడ తప్పించుకుంటే ఇద్దరూ చప్పట్లు కొట్టేవారు. తన పుస్తకాలు ఇంత బాగుంటాయని పరంజ్యోతికి అప్పుడే తెలిసింది.

బస్సులో చదివిన సంచికను కూడా ఇంటినుంచి తెచ్చి వినిపించింది. ఆఖరి సంచిక కోసం ఇద్దరూ నెలంతా ఎదురుచూశారు. సుందర్‌రాజు ఉత్తచేతులతో వచ్చాడు. పుస్తకం అచ్చు ఆగిపోయిందట. జయకేతు మంచుకొండ మీద, విరిగిన ఓడలో, అలాగే ఉండిపోయాడు.

ముసలామెకు ఏం చెప్పాలి? పరంజ్యోతి తన దగ్గర మిగిలిన ఆ బస్సులో చదివిన సంచికకే అట్ట మార్చి పట్టుకుపోయి, అదే ఆఖరిదన్నట్టు తెరిచి, నోటికొచ్చింది చదవసాగింది. మొదట మాట తడబడింది. తర్వాత ఏమైందో ఏమో, ఓడ తెరచాపలు మంచుతోనే కుట్టింది, పగబట్టిన గద్ద చేతనే దాన్ని మోయించింది, జయకేతును సముద్రం దాటించి కొత్త ఒడ్డున దింపింది. ముగించేసరికి ఒళ్లంతా చెమట పట్టింది.

ఏసమ్మ పుస్తకం మీద వేలు పెట్టింది. "ఇది మొన్న సదివిందే గద. అచ్చరాలు రాకుంటే బొమ్మలు గూడ గుర్తువట్టనా?"

పరంజ్యోతి తల వంచుకుంది. "ఆఖరిది రాలేదవ్వా. ఇగ రాదట. గదంత నేనే అల్లిన."

ఏసమ్మ లేచి పుస్తకాలన్నీ మూటగట్టి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇవి ఇంటికి తీస్కపో. నాకు ఇగ అక్కెర లేదు. గా పోరడు కొత్త ఒడ్డుకు చేరిండు గద, ఆడ ఏమైతదో నాకు తెల్వాలె. రేపు ఉత్తచేతులతోని రా."